సందూక మూతల రెండు పేర్లు

"అమ్మమ్మా, తాత పోయినంక ఈ ఇల్లు నీ పేరు మీదికి మారేటప్పుడు ఆఫీసుల ఏందో గడబిడ అయిందట గద. అమ్మ చెప్పుడు షురూ చేస్తది, నవ్వుకుంట సగంల ఆపుతది. నువ్వు చెప్పు, ఫోన్ల రికార్డు చేస్తున్న."

ఏం గడబిడ బిడ్డ, అంత మీ తాత చేసిన పనే. జెర ఆ ఫ్యాను తక్కువ చెయ్యి, నా మాట నాకే వినవడ్తలేదు. ఆఁ. మీ తాత పోయినంక మూడో నెలల... కాదు కాదు, నాలుగో నెల, మీ అమ్మ కాయితాలన్ని ముందటేసుకున్నది. డెత్ సర్టిఫికెట్, వీలునామ, ఇంటి దస్తావేజు. మీ తాత వీలునామ రాసే పోయిండు, బన్సీలాల్‌పేట్ల ఇల్లు నా భార్యకు అని. ఇద్దరు సాక్షులతోటి సంతకాలు సుత పెట్టిచ్చిండు. ఆయనది అట్ల, ఏ పనైనా పక్కాగ ఉండాలె.

మోండా మార్కెట్ దాపున అచ్చాపీసుల కంపోజిటర్ గద. నీకు తెల్వది, ఇప్పుడంత కంప్యూటరాయె. అప్పుడు సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చేది. లగ్గం పత్రికల ఎవరి పేర్ల ఒక్క ఒత్తు తప్పువోయినా ఊకునేటోడు కాదు. ఇంటికి పప్పు పొట్లం తెస్తె ఆ కాయితం మీది తప్పులు సుత పెన్నుతోటి దిద్దేటోడు. అట్లాంటి మనిషి తన పేరుకాడ తప్పువోయిండు.

ఎట్లంటె, ఆయనకు ముందుగాల పుట్టిన ఇద్దరు పోరగాండ్లు దక్కలే. ఈయన పుట్టంగనె మా అత్త పెంటకుప్ప మీద పండవెట్టి మళ్ల ఎత్తుకొచ్చుకుందట, పారేసిన పిల్లగాడు గద అని దేవుడు సుత ఇడిచిపెడ్తడని. పెంటయ్య అని పేరు వెట్టింది. మా మామ కొడుకు పేరు మీద ఈ ఇల్లు కొన్నప్పుడు దస్తావేజుల గదే రాపిచ్చిండు. మీ తాతకు పెద్దగైనంక ఆ పేరంటె నామోషీ. అచ్చాపీసుల పనికి కుదిరిననాడు ప్రభాకర్ అని చెప్పిండు. ఇగ అన్నిట్ల అదే, ఆధార్ కార్డుల అదే, వీలునామల సంతకం సుత అదే. దస్తావేజు ఒక్కసారి తీసి చూసుకోలె.

కాయితాలు తీస్కపోయి బల్దియాల, గదే మున్సిపాలిటీ ఆఫీసుల, ఇచ్చినం. ఆడి సారు, మంచోడే పాపం, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అమ్మా, చనిపోయింది ప్రభాకర్. ఇల్లేమో పెంటయ్యది. మా కాయితాలల్ల పెంటయ్య బతికే ఉన్నడు" అన్నడు. బతికుంటె ఇంటికి తోలియ్యి సారూ అందామనుకున్న.

ఇంటికొచ్చినంక భయం వట్టుకుంది బిడ్డ, నిజం చెప్తున్న. యాభై ఏండ్లు ఊడ్చుకున్న ఇల్లు, నాది అని చెప్పతందుకు కాయితం లేదు. రేపు నేను పోతె మీ అమ్మ, మీ చిన్నమ్మ ఏం చూపెట్టుకుంటరు? బుక్క నోట్లకు పోలె.

వకీల్ సాబ్ దగ్గరికి పోయినం. ఆయన ఏదో ప్రొబేట్ అన్నడు. నాకు ప్రూఫు లెక్క వినవడ్డది. ప్రూఫు దిద్దెటాయన పోయిండు గద సారూ, అన్న. ఆయన నవ్వి, ప్రొబేట్ అంటె ఈ వీలునామ అసలుదే అని కోర్టు ముద్ర వేసుడు, మన దిక్కు అది లేకున్నా నడుస్తది, మీ తక్లీఫ్ వీలునామతోని కాదు పేరుతోని అన్నడు. ఇద్దరు ఒక్క మనిషే అని నువ్వు అఫిడవిట్ ఇయ్యాలె, రెండు పేర్లున్న పాత కాయితం ఏదన్న తేవాలె, అన్నడు.

యాడికెల్లి తేవాలె? మీ అమ్మ ఇల్లంత ఎతికింది. అప్పుడు నాకు మా అత్త బట్టల పెట్టె, గా పాత సందూక యాదికొచ్చింది. మా లగ్గం పత్రిక ఆయనే పేర్చుకున్నడు. ప్రభాకర్ అని అచ్చేసుకొస్తె మా అత్త అలిగి అన్నం ముట్టలేదట, నేను పెట్టిన పేరు యాడవోయింది రా అని. తెల్లారి పోయి పక్కపొంటి పెంటయ్య అని చిన్న అక్షరాలల్ల కలిపి మళ్ల అచ్చేసి తెచ్చిండు. మా అత్త దాన్ని సందూక మూత లోపల మైదాపిండి ఉడికిచ్చి అతికిచ్చుకున్నది. పీకితె చినుగుతది. ఇగ ఏం చేస్తం, సందూకనే ఆటోల ఏసుకొని పోయినం. సందూక కొన్నది పన్నెండు రూపాయలకు, దాన్ని తీస్కపోతందుకు ఆటోకు రెండు నూర్లు.

బల్దియాల అందరు లేచొచ్చి చూసిన్రు. సారు సుత మెడ వంచి మూతల చదివిండు. "బాగుందమ్మా. ఇగ మీ ఆయన పేరు మీ నోటితోని చెప్పుండ్రి, రాసుకుంట" అన్నడు.

గాడ ఆగినం. నేను ఎన్నడన్న ఆయనను పేరు వెట్టి పిలిచిన్నా? మా కాలంల పెనిమిటి పేరు ఎవరు చెప్తరు. ఎవరన్న అడిగితె సూర్యున్ని చూపెట్టేది, ప్రభాకర్ అంటె సూర్యుడే గద. అట్లనే కిటికీల ఎండ దిక్కు ఏలు చూపెట్టిన. సారు ఉక్కపోస్తుందేమో అనుకొని ఫ్యాను పెద్దగ చేపిచ్చిండు. బల్ల మీది కాయితాలన్ని ఎగిరినయి, మీ అమ్మ ఒకటే నవ్వుడు. సరే, ఆ పేరుకంటె సూర్యుడున్నడు. రెండో పేరుకు ఏం చూపెట్టాలె? మూలకు చెత్తబుట్ట ఉన్నది. నా పెనిమిటి పేరని చెత్తబుట్ట చూపెడ్తనా బిడ్డ? చెయ్యి రాలె.

అప్పుడు నోరు తెరిచిన. ప్రభాకర్ అన్న. పెంటయ్య అన్న. అది ఎట్లన్న బతకాలె నా కొడుకు అని ఓ తల్లి పెట్టుకున్న పేరు. ఆయన నామోషీ అనుకున్నడు గని, నాకైతె ఆ పేరు మీద ఎంత ప్రేమొచ్చిందో చెప్పరాదు. గాడనే ఏడ్చిన. సారు మంచినీళ్లు తెప్పిచ్చిండు.

రెండు నెలలకు ఇల్లు నా పేరు మీద ఎక్కింది. ఇగో, నా ఇంట్ల నేనున్న, ఏ పరేషాన్ లేదు. పొద్దుగాల చాయ్ పోసుకుంటప్పుడు ఫోటో దిక్కు చూసి పెంటయ్యా అని పిలుస్త. ఉన్నన్నాళ్లు పిలువలె, ఇప్పుడు పిలుస్తున్న. కోపం సుత చెయ్యడు.

నువ్వు మొన్న మీ ఆయనను పేరు వెట్టి పిలుస్తుంటె మీ అమ్మ కండ్లు పెద్దగ చేసింది, చూసిన నేను. మీ అమ్మకేం తెల్సు. నువ్వు పిలువు బిడ్డ, నూరేండ్లు సల్లంగుండి పిలువు. ఆఁ అని పలికెటోడు ఉన్నప్పుడే...