కింది దారం

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదివాను. పదేళ్ళు ఒక కాలేజీలో పాఠాలు చెప్పాను. అది మూతపడ్డాక, ఆరేళ్ళుగా మా అన్నయ్య వర్క్‌షాపులో కుట్టుపని చేస్తున్నాను. అక్కడ అందరూ నన్ను టీచరమ్మ అంటారు. ఈ రోజు ఉదయం పది గంటల పది నిమిషాలకు నా అంతట నేనే పోలీస్ స్టేషన్‌కు వచ్చాను. నన్నెవరూ పిలవలేదు.

లోపలికి వస్తుంటే అన్నయ్య బెంచీ మీద కనిపించాడు. "నువ్వెందుకొచ్చావే? కుట్టింది నేనేనని చెప్పేశానుగా, ఇంటికి పో," అన్నాడు. "నీ బొటనవేలు చూపించు అన్నయ్యా," అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆ వేలు నాలుగేళ్ళ క్రితం నలిగింది. అప్పటి నుంచి వంగదు. ఆయన మళ్ళీ మిషన్ మీద కూర్చోలేదు. డాష్‌బోర్డు కుట్టు నాది.

కార్ల లోపల డోర్ ప్యాడ్లకు, డాష్‌బోర్డుకు కోరిన రంగు రెగ్జిన్ తొడగడం మా పని. నేను కత్తిరించి కుడతాను. అన్నయ్య బంక రాసి, వేడిచేసి, ముడత లేకుండా లాగి అతికిస్తాడు. డ్రైవర్ పక్క సీటు ముందు, డాష్‌బోర్డు లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాని మీద వచ్చే కుట్టు, బండి గుద్దుకున్నప్పుడు తెగిపోవాలి. తెగితేనే సంచి బయటికొస్తుంది. అందుకని పైన మామూలు దారమే ఉంచి, కింది బాబిన్‌లో మాత్రం బలం లేని దారం వేస్తాం. రెండిట్లో ఒకటి తెగితే చాలు, కుట్టు విడిపోతుంది. ఆ బాబిన్‌కు ఎర్ర రంగు పూసి వేరే డబ్బాలో ఉంచుతాం. రెండు దారాలదీ ఒకటే రంగు. ఏది వేశామో చూపుకు తెలియదు. ముక్క తిరగేసి గోటితో లాగి చూడాలి.

గత నెల పద్నాలుగు, మంగళవారం. కళ్ళద్దాల షాపాయన బండి. పదకొండుకు డోర్ ప్యాడ్ల కుట్టు అయిపోయింది. ఎర్ర బాబిన్ డబ్బాలోంచి తీశాను. తీసిన మాట బాగా గుర్తు. అంతలో ఆయన భార్య రంగు చూసుకోవడానికి వచ్చింది. బాబిన్ బల్ల మీద పెట్టి లేచాను.

"టీచరమ్మగారూ, ఈ కాఫీ రంగు మరీ ముదురైందంటారా? మా ఆయన్నడిగితే అన్నీ బాగున్నాయంటాడు. అందరికీ అద్దాలు పెడతాడు గానీ ఆయనకేం కనబడదండీ!" అంది.

"మీరు పక్కన కూర్చుని దారి చెప్తారుగా అమ్మా, ఇంకేం భయం," అన్నాడు అన్నయ్య. ముగ్గురం నవ్వాం.

డోర్ ప్యాడ్ మీది కుట్టు వెంబడి వేలు పోనిచ్చింది. "ఇంత తిన్నగా ఎలా వస్తుందండీ! నేను గుండీ కుడితే మా ఆయన రోజంతా ఓ పక్కకి వంగి నడుస్తాడు," అంది. ఆవిడ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. పావుగంట ఉంది. ఆవిడ రావడం వల్ల మరిచిపోయానని నేను చెప్పడం లేదు. ఆవిడ వచ్చింది, వెళ్ళింది, తర్వాత నేను కుట్టాను. అలాగే రాయండి.

పదకొండూ నలభైకి ముక్క అన్నయ్యకు ఇచ్చాను.

"ఏమ్మా, బాబిన్ మార్చావా?"

"మార్చాను అన్నయ్యా."

"చూసి చెప్తున్నావా, అనుకుని చెప్తున్నావా? ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే మనిషివి."

"మార్చానని చెప్తున్నాగా!" అని విసుక్కున్నాను.

ఆయన ముక్క తిరగేశాడు. గోరు పెట్టి చూడలేదు. నా మాట మీద బంక రాశాడు. గురువారం సాయంత్రం బండి అప్పగించాం.

శుక్రవారం నాలుగు గంటలకు బల్ల మీద రెగ్జిన్ ముక్కలు ఎత్తుతుంటే వాటి కింద ఎర్ర బాబిన్ కనిపించింది. చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. కుట్టాక నేనే మళ్ళీ నిండా చుట్టి ఉంటానని సర్దిచెప్పుకున్నాను. చదువుకున్న బుర్ర కదా, కారణాలకు కొదవ లేదు. ఫోన్ చేస్తే అతికించినదంతా పీకాలి. అన్నయ్యతో అబద్ధమాడినట్టు తేలుతుంది. ఆవిడ నంబరు రెండుసార్లు తీశాను. రెండుసార్లూ ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ తర్వాతి వారం ఆవిడే మెసేజ్ పెట్టింది, వాళ్ళ చెల్లెలు కూడా తన బండికి ఇలాగే వేయించుకుంటానంటోందని. "థాంక్సండీ" అని జవాబిచ్చాను. ఆ మెసేజ్ ఇప్పటికీ ఉంది, చూడండి.

ఈ నెల అయిదు, బుధవారం, మధ్యాహ్నం మూడున్నరకు వాళ్ళ బండి కల్వర్టు గోడను గుద్దుకుంది. ఆయన వైపు సంచి తెరుచుకుంది. ఆవిడ వైపు తెరుచుకోలేదు. ఆవిడ బతకలేదు. నేను బాబిన్ చూసిన రోజుకూ దానికీ మధ్య పందొమ్మిది రోజులు.

ఇందాక మీరు బల్ల మీద పెట్టిన డాష్‌బోర్డు ముక్క నాదే. కుట్టు చివర మూడుసార్లు వెనక్కి కుట్టడం నా అలవాటు, అదీ ఉంది. ముక్క వంగింది గానీ కుట్టు ఒక్కచోట కూడా వదల్లేదు. మీ ఎదురుగానే కింది దారం గోటితో లాగాను. తెగలేదు. మళ్ళీ లాగాను. తెగలేదు.

రాసినదంతా రైటరుగారు చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దమన్నాను. "తెలియక జరిగింది" అని రాశారు. కుట్టిన రోజుకు ఆ మాట చెల్లుతుంది. తర్వాతి పందొమ్మిది రోజులకు చెల్లదు. కొట్టేయమంటే, "అది మీకే మంచిదమ్మా, ఉండనివ్వండి," అన్నారు. ఆయన దగ్గర పెన్ను తీసుకుని నేనే కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టాను.

మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు, ఎవరినీ కాపాడటానికి కల్పించినదీ లేదు. ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
మధ్యాహ్నం 12.25