అరవై ఒకటో కార్డు

1989 ఆగస్టు పదిహేడవ తేదీన రాజోలు ప్రాంతంలోని ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరిన శ్రీమతి లక్ష్మీతులసి గారు, ముప్పై ఆరు సంవత్సరాలకు పైబడిన అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ శుక్రవారం మన ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున రేవు దాటించే పంటు తప్పిపోయి, గంట ఆలస్యంగా వచ్చి చీవాట్లు తిన్నానని వారే చెబుతారు. ఆ తరువాత వారు ఆలస్యంగా రావడం ఎవరూ చూడలేదు. ఆలస్యంగా వచ్చినవారు వారి కంట పడకుండా తప్పించుకోవడమూ ఎవరూ ఎరుగరు.

తొంభై ఆరు తుఫానులో మూడు రోజులు ఇంటిముఖం చూడక, తడిసిన పరుపుల నడుమ పదకొండు కాన్పులు చేయించిన ధీశాలి వారు. 2008లో హెడ్ నర్సుగా మన ఆసుపత్రికి వచ్చి, 2019లో ప్రస్తుత పదవిని అలంకరించారు. రోగుల దగ్గర ఎంత మెత్తనో మన దగ్గర అంత గట్టి.

మూడేళ్ల క్రితం సిబ్బంది ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం నిర్వహించవలసిందిగా ఉత్తర్వులు వచ్చినప్పుడు ఆ బాధ్యతను వారే కోరి స్వీకరించారు. ప్రతి బుధవారం ఓపీ చీట్ల కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద బీపీ మిషను, ఒక్కొక్కరికీ ఒక పచ్చ కార్డు. ఊరందరి బీపీ చూసే మనకు మన బీపీ చూసుకునే తీరిక ఎక్కడిది? నడుస్తూ నడుస్తూనే ఎవరి కార్డు మీద వారు 120/80 అని వేసుకొని బల్ల మీద పడేసేవాళ్లం. నెలాఖరున ఆ కట్ట మీద లక్ష్మీతులసి గారు వరసగా సంతకాలు చేసేవారు. అరవై మంది బీపీ ఒకే అంకె దగ్గర ఆగిందంటే అనుమానం రావాలి. మన మీద నమ్మకం కొద్దీ వారికి రాలేదు.

నిరుడు శ్రావణమాసంలో ఒక బుధవారం ఉదయం, కాంట్రాక్టు మీద పారిశుద్ధ్యపు పని చేసే లోవమ్మ గారు కాన్పుల వార్డు వరండా తుడుస్తూ కుప్పకూలారు. మూతి ఒక పక్కకు లాగేసింది, ఎడమ చెయ్యి లేవలేదు. బీపీ చూస్తే 220/130. లక్ష్మీతులసి గారు ఆవిడ కార్డు తెప్పించి చూశారు. చివరి వరసలో 120/80, దాని కింద తమ సంతకం.

కాకినాడ వెళ్లే అంబులెన్సులో పక్కన కూర్చున్నది వారే. దారిలో లోవమ్మ గారు ముద్దముద్దగా ఒక్కటే మాట అన్నారట.

"చూపిత్తే రాసేత్తారండి మేడంగారూ. రాసేత్తే తీసేత్తారండి."

మూడు రోజుల వరకు ఏ సంగతీ చెప్పలేమని అక్కడి డాక్టర్లు అన్నారు. ఆ మూడో రోజునే, మనిషి బతికేదీ లేనిదీ తెలియకముందే, కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు హరిబాబు గారు కొత్త మనిషిని వెంటబెట్టుకొని వచ్చారు. జబ్బు దాచిపెట్టినందుకు లోవమ్మ గారి పేరు తొలగిస్తున్నామన్న కాగితం మీద ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ నాగదుర్గాప్రసాద్ గారి సంతకం కావాలన్నారు. సరిగ్గా అప్పుడు లక్ష్మీతులసి గారు లోపలికి వచ్చి, అరవై కార్డుల కట్టనూ, దానితోపాటు తమ చేతిరాతతో ఉన్న ఒక కాగితాన్నీ బల్ల మీద పెట్టారు.

"అంకె వేసింది ఆవిడేనండి. కింద సంతకం నాదండి. చూడకుండా పెట్టేను. తీసేయాల్సొస్తే ముందు నన్ను తీసెయ్యండి."

విరమణకు ఏడాది మాత్రమే ఉన్న ఉద్యోగి తన తప్పును తానే కాగితం మీద పెట్టడమంటే ఏమిటో ఆఫీసుల్లో పనిచేసేవారికి వేరే చెప్పనక్కర్లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనం ఒకరి వెనక ఒకరం తప్పుకున్నాం. ఆ కార్డుల మీద అంకెలు మనవే మరి. డాక్టరు గారు కార్డులన్నీ ఒక్కొక్కటిగా తిరగేశారు. చివరికి, ఆవిడ తిరిగి వచ్చేదాకా కొత్త మనిషిని బదులుగా మాత్రమే ఉంచమనీ, పేరు కొట్టెయ్యొద్దనీ చెప్పారు. హరిబాబు గారు "ఆయ్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. లక్ష్మీతులసి గారికి మాత్రం మెమో అందింది.

ఎవరి కార్డు వారు రాసుకోకూడదు, కార్డులు కాంట్రాక్టరు కంట పడకూడదు అని ఆ వారమే వారు నియమం పెట్టారు. కార్డులు దాచే బీరువా తాళంచెవి తమ కొంగునే ముడివేసుకున్నారు. మరుసటి బుధవారం బల్ల దగ్గర నిజం బయటపడింది. అరవై మందిలో ఇరవై రెండు మందికి మందులు మొదలయ్యాయి. రెండు నెలలకు లోవమ్మ గారు తిరిగి వచ్చారు. ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు గనుక చీపురు మాన్పించి బుధవారపు బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

మొన్న బుధవారం జరిగింది చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. వీడ్కోలు సభ ఏర్పాట్లలో అందరం తలమునకలై ఉండగా, లోవమ్మ గారు కట్టలో అడుగున ఉన్న అరవై ఒకటో కార్డు బయటికి తీశారు. ఏడాదిగా దాని మీద ఒక్క అంకె లేదు. పేరు లక్ష్మీతులసి గారిది. దీపం కిందే చీకటి. ప్రతి బుధవారమూ వారికి రౌండ్లు అడ్డొచ్చేవి.

లోవమ్మ గారు మిషను పట్టుకొని సరాసరి వారి గదిలోకి వెళ్లారు. చార్జి అప్పగించే జాబితాలు ఉన్నాయి, తరువాత చూద్దామన్నారు లక్ష్మీతులసి గారు.

"కూర్చోండి మేడంగారూ. రాసేత్తే తీసేత్తారని బయమా అండి? శుక్రారం ఎలాగూ ఎల్లిపోతన్నారు గదా."

ముప్పై ఆరేళ్లలో ఎవరి మాటకూ కూర్చోని మనిషి కూర్చున్నారు. ఆ సరిగ్గా లేవని చేత్తోనే లోవమ్మ గారు పట్టీ చుట్టారు. 172/104. మళ్లీ చూడమన్నారు. మళ్లీ అంతే. లోవమ్మ గారు అంకె వేసి కార్డు ముందుకు జరిపితే, లక్ష్మీతులసి గారు కళ్లజోడు తెచ్చుకొని, చదివి, అప్పుడు సంతకం చేశారు.

ఆ సాయంత్రమే మందులు మొదలయ్యాయి. పొద్దున్నే మాత్ర వేయించే పూచీ వారి భర్త బంగారయ్య గారిది. లక్ష్మీతులసి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలన్న ఈ ఆకాంక్షను మేము చూడకుండా రాయడం లేదు. అరవై ఒకటో కార్డు బీరువాలోనే ఉంటుంది. వచ్చే బుధవారం లోవమ్మ గారు పేరు పిలుస్తారు. వారు రావాలి.