కువైట్‌లో పన్నెండు

హలో… హలో… ఆ, నేనే శేఖరూ, నాగమణక్కను. మంచిగున్నవా తమ్మీ?

…వినబడుతున్నది, గట్ల అరవకు. పత్తర్‌గట్టి బజారంతా వినాల్నా ఏంది?

…లేదు. రాలే.

…ఈ శుక్రారం గూడ రాలే తమ్మీ. నాలుగు శుక్రారాలాయె. మా దుకాణంల ఫోను అట్లనే ఉంటది, దాని పక్క కుర్సీ ఖాళీగ ఉంటది. నువ్వేమో ఆడ ఫోనాఫీసుల ఎండకు లైన్ కట్టి నిలబడ్తవ్. నీ పెండ్లానికి రానీకి తీరదు.

…పన్నెండుకనే చెప్పిన! ‘విజయలక్ష్మీ, మీ ఆయన శుక్రారం పన్నెండుకు చేస్తడు, రా బిడ్డా’ అన్న. నువ్వన్నదాంట్ల ఒక్క ముక్క తప్పలే.

…ఉత్తరం గూడ చేతికే ఇచ్చిన. చదివించుకున్నదో, పొయ్యిల పెట్టిందో.

…ఛీ, ఏడుస్తున్నవా? మొగోనివి, తుడుచుకో.

…నేను చెడ్డగ ఏం అంటలే. గాజుల దుకాణంల పని, పదిమంది వస్తరు, పోతరు. పడుచు పిల్ల. నేనేం జూడలే, నన్నడగకు… అడగకంటున్న గద!

…ఆడ ఇంకో మూడేండ్ల పనికా? …ఆ… వచ్చే శనివారం కంపెనీ కాయితం మీద సంతకం. ఆమె ఒక్క మాట ‘ఇంటికి రా’ అంటె పెట్టవు, వచ్చేస్తవు. ఆ మాట గూడ లేకపోతె పెట్టేస్తవు. …పెట్టెయ్యి తమ్మీ. ఎవరున్నరని వస్తవ్? అక్క బిడ్డను కాదని గౌలిపురల పాలు పోసేటోళ్ల పిల్లను చేసుకున్నవ్. నేనేమన్న అన్ననా? మీ పెండ్లిల ఈ చేతులతోనే వడ్డించిన. మా సువర్ణకు ఇయ్యాల్టిదాక ఎక్కడ కుదరలే. పోనీ తియ్యి, మా నసీబు.

…ఏంది? ఎవడు చెప్పిండు? …పక్క మంచం మలయాళమాయననా? అక్కడ పన్నెండైతె ఇక్కడ రెండున్నరనా? వానికి ఎండదెబ్బ తగిలినట్టున్నది! ఉన్నది ఒక్క సూర్యుడు తమ్మీ. నీకు నెత్తి మీదుంటె నాకు మోకాళ్ల కాడుంటడా?

…ఇప్పుడిక్కడ టైమెంతనా? నీకెంతో నాకూ అంతే.

ఆగు, మీ బావ ఏదో అంటున్నడు…

ఏందయ్యా? మూడు కావస్తున్నదని నాకు తెల్వదా? మెల్లగ! చెయ్యి అడ్డం పెట్టిన గని ఫోన్ల పడ్తది. …పాపమా? ఆ పిల్ల పన్నెండుకు వచ్చి కూసుంటె చాయ్ తెప్పిస్తవ్, ఫంకా ఆమె దిక్కు తిప్పుతవ్, రెండు దాక ‘వస్తది బిడ్డా, వస్తది’ అంటవ్. గా పుణ్యం చాలు నీకు. నోరు మూస్కొని కూసో.

హలో… ఆ తమ్మీ, గిరాకి లొల్లి.

…గోడ గడియారం. …మూడు కొట్టిందా? ఒక్కటే కొట్టింది! నీ మాట నీకే మల్ల మల్ల వినబడ్తలేదా? గట్లనే సముద్రం మీద మూడుగ మోగింది.

…ఏం గడియారాలు? …ఫోనాఫీసు గోడ మీద, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కటా? …బొంబాయిదాంట్ల మూడా?

…ఏమో తమ్మీ. చదువు లేనిదాన్ని. పన్నెండంటె ఎక్కడైన పన్నెండే అనుకున్న.

…వచ్చి కూసున్నదేమో. నేను పన్నెండుకు వంట కాడుంట, నేనేం జూస్త? …నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? సక్కగ మాట్లాడు.

…బావనా? ఇప్పుడే మెట్లు దిగి పోయిండు. …పిలిస్తె వినబడదు, బజారంత లొల్లి ఉన్నది.

…ఆ, చెప్పు. వచ్చే శుక్రారం తొమ్మిదిన్నరకు చేస్తవా? తొమ్మిదిన్నర ఎందుకు? …ఆ… ఆ… నీకు తొమ్మిదిన్నరైతె మాకు పన్నెండు. నమాజుకని గాజుల సేటు దుకాణం మూస్తడు, గప్పుడామెకు సులువు. సమజైంది తమ్మీ. గింత మందబుద్ధా నేను?

…అంటె తెల్లారే సంతకం. సంతకానికి ముందు ఆమె గొంతు వినడానికి అదే ఆఖరు ఫోను. …ఏం ఫికర్ చెయ్యకు. చెప్త. మీ ఆయన తొమ్మిదిన్నరకు చేస్తడని చెప్త. నీ నోట వచ్చిన మాట వచ్చినట్టే…

…నేను చల్లగుండాల్నా? నువ్వు చల్లగుండు తమ్మీ. ఏం తింటున్నవో ఏమో, నీ గొంతే…

హలో? …హలో?

కట్టయింది. ఉండు, పెట్టనీ.

ఏందయ్యా, గట్ల చూస్తవ్?

…అబద్ధమేమున్నది దీంట్ల? వాడు తొమ్మిదిన్నరన్నడు, నేను తొమ్మిదిన్నరే అంట. పొద్దుగాల తలస్నానం చేసి వస్తది, కూసుంటది, సేటు దుకాణం తెరిచే యాళ్లకు పనికి పోతది. ఫోను రాలేదని పోయినది మల్ల పన్నెండుకు ఎందుకొస్తది? పన్నెండుకు ఫోను నేనెత్తుత.

…నువ్వు చెప్తవా? చెప్పి చూడు. సువర్ణ మొకం చూసి చెప్పు.

…ఆ. గట్ల కూసో.

…ఎవరి తొమ్మిదిన్నరనా? అడిగితె చెప్తనయ్యా. అడగాలని ఆ పిల్లకు తెల్వదు.

లే, చేతులు కడుక్కో. అన్నం చల్లారిపాయె.