నేరం జరిగిన స్థలం

పోలీసు స్టేషన్లో రైటరు ఫిర్యాదు కాగితం ముందేసుకుని, ఒంటరిగా వచ్చిన అమ్మాయిని అడిగాడు.

“నేరం జరిగిన స్థలం యాడమ్మా?”

“ఇంటర్నెట్‌లో సార్. ఎవురో నా ఫొటో, ఫోన్ నంబరు పెట్టి బూతులు రాసినారు. ముక్కూమొగం తెలీనోళ్లు ఫోన్లు చేస్తా ఉండారు.”

“ఊరు పేరు లేకుంటే కేసు యాడ కట్టేది? కోడి దొంగతనానికైనా నాలుగు పక్కలా హద్దులు రాస్తా నేను.”

“దానికి ఊరుండదు సార్.”

“సరే, మీ నాయన్ని పిలుసు. ఆయన్నడిగి రాస్తా.”

“నాయన రాడు సార్. ఆ ఫొటో నేనే ఇచ్చింటానని అనుకోని, నెల దినాలుగా నాతో మాట్లాడ్డంలేదు. నేను వడ్డిస్తే తినడు.”

రైటరు పెన్నుకు మూత పెట్టాడు. ఆమె కాగితం మీద ఖాళీగా ఉన్న గీతనే చూస్తూ నిలబడింది.

“స్థలం మా ఇల్లని రాయండి సార్. డోర్ నంబరు చెప్తా.”