నత్త దాచిన రాయి

పళ్ళ సెట్లు తయారుచేసే చిన్న ల్యాబు. ఏడాది చివరి సెలవులకు మూసే ముందు ఆఖరి మధ్యాహ్నం. పని బల్ల దగ్గర కోడలు, ఎదురుగా స్టూలు మీద అత్తగారు.

"పోనీ, బహుమతిగా తలకి కట్టుకునే లైటు కొనివ్వు. చీకటి సందుల్లో దూరుతుంటాడుగా."

"పోయినేడు అదే ఇచ్చాను అత్తయ్యా. అంతకు ముందేడూ అదే. ఇప్పుడు మీ అబ్బాయికి రెండు లైట్లు, ఒక తల."

"మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు?"

"లిఫ్టు రిపేర్ల కోసం కంపెనీవాళ్ళే ఇచ్చారు. నోరు తెరవండి. ఇంకొంచెం. ఇక్కడేనా గుచ్చుకునేది?"

"ఆఁ. అక్కడ కాదు. ఆ పక్కన. ఆఁ ఆఁ, అక్కడే... అబ్బా!"

"ఎంత ఎర్రగా అయిందో చూడండి. వారం నుంచి గుచ్చుకుంటుంటే చెప్పరేం? ఒకే ఇంట్లో ఉంటున్నాం, నేను చేసే పనే ఇది!"

"నీ పనుల్లో నువ్వుంటావు. మొహమాటం."

"నా దగ్గర మొహమాటమేంటండీ, బాగుంది! పై సెట్టు తీసివ్వండి, అరగదీసేస్తా. ఆ టీ ఇప్పుడు తాగకండి, పుండు మీద వేడి తగిలితే మండుతుంది. అలా పక్కన పెట్టండి."

"రెండు గుక్కలే..."

"పెట్టేయండి, పెట్టేయండి. పళ్ళు పెట్టాక తాగుదురుగాని."

"సరే. చివర అయస్కాంతం ఉండే కర్ర?"

"ఉంది. పళ్ళు లేకుండా మాట్లాడకండి, నాకు సగమే అర్థమవుతోంది."

"పళ్ళున్నప్పుడు మొత్తం అర్థమవుతున్నట్టు."

"ఏమన్నారు?"

"ఏం లేదు. అయినా నాకు తెలీక అడుగుతాను. నలభై రెండేళ్ళవాడు. ఎవరో పొదలో డబ్బా దాస్తారు, ఎక్కడుందో ఫోన్లో గుర్తు పెడతారు. వీడు ఆదివారం పొద్దున్నే పోయి దాన్ని వెతుకుతాడు. దొరికితే లోపలి చీటీ మీద సంతకం పెట్టి మళ్ళీ అక్కడే దాచేసి వస్తాడు. దీనికో పేరు కూడానట."

"జియోక్యాచింగ్."

"ఆ. దొరికింది ఏదీ ఇంటికి తెచ్చుకోనివాడికి ఏం బహుమతి ఇస్తావు?"

"మీరు మాత్రం? ఏడాదిగా ప్రతి ఆదివారం ఆయన వెనక బండెక్కి పోవట్లేదా?"

"నాకు కాస్త గాలి కావాలి. వాడు పొదల్లో దూరుతాడు, నేను బెంచీ మీద కూర్చుంటాను."

"ఏడాదంతా బెంచీ మీదేనా?"

"మంచి బెంచీలే."

"సరే, వినండి. మిమ్మల్ని సలహా అడిగాను గానీ, బహుమతి ఎప్పుడో కొనేశాను. ఫ్లాస్కు. పన్నెండు గంటలు వేడి నిలుస్తుందట."

"ఫ్లాస్కా? వాడికా? దేనికి?"

"టీకి."

"వాడు టీ చల్లార్చుకుని తాగే రకం. చిన్నప్పుడు పాలు కూడా అంతే. గిన్నెలో పోసి నేనే ఊదేదాన్ని."

"అది చిన్నప్పుడు. ఇప్పుడాయన మనసులో ఏముందో నాకు తెలిసినంత మీకు తెలీదు, ఏమీ అనుకోకండి."

"అనుకోను."

"ఫ్లాస్కు మూత లోపల చిన్న అర చేశాను. ఇక్కడే, ఈ బల్ల మీదే. దాంట్లో ఒక చీటీ పెట్టాను. ఆయనకి వెతకడం ఇష్టం కదా, వెతికి తీసుకుంటాడు."

"చీటీలో ఏముంది?"

"చెప్తే తిడతారు."

"నత్తవి నువ్వేనని రాశావా?"

"...ఉండండి, మిషను ఆపనివ్వండి. ఏమన్నారూ?"

"వినపడిందిలే."

"నత్త సంగతి మీకెలా తెలుసు?"

"తెలియకపోవడానికేముంది? బస్టాపు వెనక రాయి. లైబ్రరీ గోడకి పైపు మూత. పార్కు కంచె కింద పుట్టగొడుగు. తీరా చూస్తే అన్నీ డబ్బాలే. నత్త అని పేరు పెట్టుకుని ఎవరో దాస్తున్నారట. 'ఎవడోగానీ మొనగాడమ్మా' అని వాడు ఊగిపోతుంటాడు. ఆ మొనగాడే రోజూ తనకి అన్నం వడ్డిస్తోందని వాడికి తెలీదు. నాకు తెలుసు."

"అదే, ఎలా?"

"రాయి పైకి బూడిదరంగు. లోపల గులాబీ. రోజూ గ్లాసులో నానేసుకునే రంగు నేను గుర్తుపట్టనా? అవి నా చిగుళ్ళే."

"మీవి కాదండీ! మీ రంగు, అంతే. సెట్లకి చిగుళ్ళు చేశాక గులాబీ ముద్ద మిగిలిపోతుంది, పారేయడం ఎందుకని..."

"నా చిగుళ్ళు తీసుకెళ్ళి బస్టాపు వెనక పెట్టావు."

"నవ్వించకండి, చేతిలో మీ పళ్ళున్నాయి. అవునూ, రాయి లోపల మీరెప్పుడు చూశారు? బెంచీ మీద కదా ఉంటారు?"

"ఓసారి నా చేతికిచ్చాడు. పట్టుకోమని."

"ఆయనకి చెప్పేశారా?"

"నేనా? వంటింటి గోడలకి కొత్త రంగు వేయిస్తే మూడు వారాలకి 'ఇవాళ ఎండ బాగా వస్తోందే' అన్నాడు. అలాంటివాడికి చెప్పి ఏం లాభం? అది సరే, ఇదంతా ఎందుకు మొదలుపెట్టావు?"

"ఏం చెయ్యమంటారు? వెతుకుతూ వెతుకుతూ మూడు గంటల దూరం పోయేవాడు. ఆదివారం ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. దగ్గర్లోనే నేను దాస్తే భోజనానికైనా ఇంటికొస్తాడనుకున్నా."

"వచ్చాడుగా."

"వచ్చాడు. తిన్నాడు. పడుకున్నాడు."

"మరింకేం?"

"మాట్లాడలేదు! ఆయన నాకు పెట్టే మెసేజ్‌లు చూపించనా? 'ఊ.' 'సరే.' 'పాలు.' నిన్నటిది చూడండి, కాస్త పెద్దది. 'పాలు సరే.'"

"వాళ్ళ నాన్నా అంతే. ఆయనది ఉత్త 'ఊ'నే."

"కానీ నత్తకి ఏం రాస్తాడో తెలుసా? డబ్బా దొరికినవాళ్ళు ఫోన్లో దాని కింద రెండు ముక్కలు రాయాలి కదా. మొదట్లో అన్నీ 'దొరికింది. థ్యాంక్స్.' అంతే. ఆ తర్వాత మారిపోయాడు. సరిగ్గా మీరు మా దగ్గరికి వచ్చేసిన కొత్తలో."

"నేనొచ్చాకా?"

"మీరొచ్చాకే. అమ్మ కళ్ళ ముందుంటే ఆయనలో ఏదో కదిలినట్టుంది. ఉండండి, చదువుతా."

"వద్దులే. మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకు?"

"వినండి అత్తయ్యా! ఇది బస్టాపు రాయి గురించి. 'దొరికింది. చుట్టూ ఉన్న రాళ్ళు దీన్ని తమలో ఒకటనే అనుకుంటున్నాయి. కొత్తగా వచ్చి అంతలా ఎలా కలిసిపోయిందో, కాస్త నాకూ చెప్పండి.' ఎలా ఉంది?"

"ఫరవాలేదు."

"ఫరవాలేదా! పదో తరగతి మూడుసార్లు రాసిన మనిషండీ ఇది రాసింది!"

"రెండుసార్లే."

"ఒక్క అక్షరం తప్పు లేదు. కామాతో సహా."

"కామా ముఖ్యం. కోర్టులో నేను టైపు చేసే రోజుల్లో ఒక్క కామా తప్పితే కాగితమంతా మళ్ళీ కొట్టించేవాళ్ళు. ముప్పై ఏళ్ళు. అదీ ఎదుటివాళ్ళు చెప్పింది కొట్టడమే. నా మాట ఒక్కటీ లేదు."

"అదేనండీ నేనూ అనేది. మీ రక్తం, ఎక్కడికి పోతుంది? ఇది వినండి, ఇది అసలైంది. లైబ్రరీ పైపు మూత దగ్గర రాశాడు. 'దొరికింది. మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. గదిలోకి టీ వస్తుంది, చల్లారి వస్తుంది. అడిగితే మళ్ళీ వేడి చేసి ఇస్తారని తెలుసు. అడగడానికే మొహమాటం. మీ డబ్బా మూత తీసినప్పుడు మాత్రం, రా కూర్చో అని ఎవరో కుర్చీ జరిపినట్టుంటుంది.' ...ఇది చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చాను."

"ఏడ్చావా?"

"ఏడవనా?"

"ఎవరి కోసం?"

"ఆయన కోసమే! ఇంకెవరి కోసం?"

"అంతేలే."

"సొంత ఇంట్లో, కట్టుకున్న పెళ్ళాం దగ్గర మొహమాటమట! ఆ రోజు నుంచి ఎంత మారానో మీరు చూశారుగా."

"చూశాను. పొగలు కక్కే గ్లాసు పట్టుకుని వాడి గదికి పరుగు. మొదటి రోజే వాడి నాలుక కాలింది, రెండు రోజులు తిండి సహించలేదు."

"పాపం, ఒక్క మాటనలేదు!"

"ఏమనాలో తెలీక. 'అమ్మా, దీనికేమైంది' అని నన్నడిగాడు."

"మీరేం చెప్పారు?"

"ఊదుకుని తాగమన్నాను."

"నత్త పేరుతో జవాబు కూడా రాశాను అత్తయ్యా. 'అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు' అని. మర్నాడు వచ్చి అడుగుతాడని ఎదురుచూశాను."

"ఎక్కడ? వంటింట్లోనా?"

"పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డాను. రాలేదు. మీరొచ్చారు. మిక్సీ తిరుగుతోంది, మీరేదో అన్నారు. ఆపేసరికి 'ఏం లేదులే' అనేసి వెళ్ళిపోయారు."

"మంచి మిక్సీలే అది."

"మధ్యలో మిక్సీ ఏంటండీ?"

"నువ్వే కదా ఎత్తావు. పని కానీ. అరిగిందా?"

"ఇంకాస్త. మీరే చెప్పండి, ఇంకా ఎన్నాళ్ళు దాచను? ఆయన నత్తతో చెప్పుకునేవి నాతో చెప్పుకోవాలి. ఎవరో పరాయి మనిషిని చూసి కుళ్ళుకున్నట్టు నన్ను చూసి నేనే కుళ్ళుకుంటున్నా. సెలవుల మొదటి రోజు ఫ్లాస్కు ఇస్తా. చీటీ తీస్తాడు. ఇక నత్త లేదు, నేనే."

"చెప్పకు."

"ఎందుకు?"

"చెప్తే ఆ రాతలు ఆగిపోతాయి."

"ఆగిపోనీండి! నోటితో చెప్తాడు."

"నోటితో చెప్పగలిగితే ఫోన్లో ఎందుకు రాస్తారమ్మాయ్?"

"కొన్నాళ్ళు సిగ్గుపడతాడు. తర్వాత అలవాటవుతుంది."

"ఇంకోటి ఏదైనా ఇవ్వు వాడికి. తడవని కాగితాల పుస్తకం ఇవ్వు. వానలో కూడా రాసుకోవచ్చట, మొన్న షాపులో చూశాడు."

"రాసుకోవడమేగా నేను మాన్పించేది! అసలు మీకేంటి నష్టం?"

"నాకా? నాకేం నష్టం. ఆదివారాలు గాలి తగలదు, అంతే."

"ఆదివారాలు ఎందుకు ఆగుతాయి? ఆయన వెతకడం మానడుగా."

"మానడు. వాడికి వెతకడమే సరదా. దొరికాక దాంతో పనేముంది? ఫోను పడేసి పక్క పొదలోకి పోతాడు."

"ఎక్కడ పడేసి?"

"బెంచీ మీద."

"అయ్యో, బెంచీ మీదా! ఎవరైనా ఎత్తుకుపోతే?"

"నేనుంటానుగా."

"అదీ నిజమే. అమ్మయ్య, మీరు వెంట ఉండటం మంచిదైంది. ఇదిగో, మాటల్లో మాట, మీకూ బహుమతి తీసుకున్నాను. చెప్పకూడదు గానీ చెప్పేస్తున్నా. శాలువా."

"పోయినేడు ఇచ్చిన శాలువా ఇంకా సంచిలోనే ఉంది."

"ఇది ఇంకా వెచ్చనిది. మీకేం కావాలో నాకెలా తెలుస్తుంది చెప్పండి? మీరేదీ అడగరు. 'నాకేం వద్దు, నాకేం వద్దు' అంటారు."

"అవును. అదొకటుంది నాలో."

"కదా! మీ పోలికే ఆయనకీ వచ్చింది. అయిపోయింది, పట్టండి. ముందు నీళ్ళలో కడగండి... ఆఁ. ఇప్పుడు పెట్టుకోండి. నొక్కండి. కింది పళ్ళతో కలిపి కొరకండి. గుచ్చుతోందా?"

"లేదు. మెత్తగా కూర్చుంది. నీ చెయ్యి మంచిదమ్మాయ్. అది మాత్రం ఒప్పుకోవాలి."

"ఇప్పుడు టీ తాగండి. అయ్యో, చల్లారిపోయిందా? నా మాటల్లో పడి మర్చేపోయాను. మళ్ళీ పెట్టనా?"

"వద్దులే. అలవాటే."

"అయితే ఒక్క గుక్క తాగి, పెద్ద మాట ఏదైనా చెప్పండి. మాట్లాడేటప్పుడు సెట్టు కదులుతోందో లేదో చూడాలి."

"ఏం చెప్పమంటావు?"

"ఏదైనా. పోనీ, ఇందాక నేను చదివిన ఆ టీ ముక్కే చదవండి, పొడుగ్గా ఉంది. ఇదిగో ఫోను."

"ఫోను అక్కర్లేదు."

"చూడకుండా ఎలా చెప్తారు?"

"'దొరికింది. మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. గదిలోకి టీ వస్తుంది, చల్లారి వస్తుంది. అడిగితే మళ్ళీ వేడి చేసి ఇస్తారని తెలుసు. అడగడానికే మొహమాటం.' ...సెట్టు కదలట్లేదమ్మాయ్. ఆ ఫ్లాస్కు మాత్రం వాడికివ్వకు. ఈ ముక్క రాసి ఆరు నెలలైంది. అప్పట్నుంచి వాడి గదిలోకి పొగలు కక్కుతూ పోతోంది. నా గదిలోకే ఇంకా చల్లారి వస్తోంది."