బిడ్డలున్నారా?

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్ళే ప్యాసింజర్ రైలు. కిటికీ పక్కన ఎదురెదురుగా సింధుజ, శ్రేయ. ఇద్దరూ ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్) రెండో ఏడాది.

"తలనొప్పి, తలనొప్పి! యాలాల్ ఊరి పేరెత్తితే చాలు, నీకు తలనొప్పి ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందే శ్రేయా?"

"నిజంగానే ఉంది సింధుజా. నువ్వు వెళ్ళిరా. నేను తాండూరు స్టేషన్లో కూర్చుంటాను."

"బాగుంది వరస! పోయినసారి సర్వేకి వచ్చినప్పుడు జీపు దిగలేదు. ఈసారి స్టేషనే దాటవా? మొహానికి చున్నీ చుట్టుకుని దొంగలా నువ్వు కూర్చుంటే, ఎండలో గడపగడపా నేనొక్కదాన్నే తిరిగాను. ఇవాళ కుదరదు."

"వీడియో తీయడానికి ఇద్దరెందుకు?"

"ఒకరు పట్టుకోవాలి, ఒకరు మాట్లాడించాలి. సార్ చెప్పింది విన్నావుగా. యూనివర్సిటీ తనిఖీకి కమిటీ వాళ్ళు వచ్చేలోపు కావాలట. పిల్లల్లేని తల్లి తన బాధ తన నోటితోనే చెప్పాలట. పెద్ద తెర మీద వేస్తారట."

"ఎవరిని తీస్తావు?"

"ఆ చివరి ఇల్లు. వాకిట్లో బండలు పరిచి ఉంటాయి, పక్కనే కందిచేను. ఇంద్రమ్మ అని."

"ఇంద్రమ్మా?"

"ఆఁ. ఏం?"

"ఆమె... లేరని చెప్పిందా?"

"చెప్పబట్టేగా వెళ్తున్నాం."

"లేరనే చెప్పిందా? సరిగ్గా విన్నావా?"

"ఏంటే నీ గోల! చెవులు బాగానే ఉన్నాయి నాకు."

"ఆమె వద్దు. ఇంకెవరినైనా తీద్దాం."

"ఎందుకు వద్దు? నువ్వు ఆవిణ్ణి చూడనైనా చూడలేదు. ఆ మొహంలో ఏదో ఉందే. ఏదో పోగొట్టుకున్న మనిషిలా... ఆ రోజు ఆవిడ ముందు ఒక మాటంది, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఏమందంటే—"

"సింధుజా, అసలు ఆ ప్రశ్నే తప్పు."

"ఏ ప్రశ్న?"

"బిడ్డలున్నారా అని అడిగావు కదా, అందరినీ."

"సార్ రాసిచ్చిందే అడిగాను. పిల్లలు అంటే మరీ వాడుకగా ఉంటుంది, బిడ్డలు అంటే ఆప్యాయంగా ఉంటుందని ఆయనే కదా మార్చారు."

"ఇక్కడ బిడ్డ అంటే కూతురు."

"ఏంటీ?"

"కూతురే. ముద్దుగా ఎవరినైనా బిడ్డా అని పిలుస్తారు గానీ, బిడ్డలున్నారా అంటే కూతుళ్ళున్నారా అని అడిగినట్టే. కొడుకులే ఉన్నవాళ్ళు లేరనే అంటారు."

"ఆగాగు. అయితే... యాలాల్ వైపు పిల్లల్లేని ఇళ్ళు ఇన్ని ఉన్నాయా అని సార్ సంబరపడిపోయి పోస్టరు వేయించారే, వాళ్ళందరికీ..."

"కొడుకులున్నారు."

"ఓరి దేవుడా! అందుకేనా! ఒకావిడ లేరమ్మా అనగానే నేను అయ్యో అని చెయ్యి పట్టేసుకున్నానే. బాధపడకండి, హైదరాబాదులో మంచి డాక్టర్లున్నారు అని కూడా చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఉన్నోళ్ళతోనే సస్తున్న తల్లీ, ఇంకెందుకు అంది. పాపం మతి చలించిందనుకున్నాను!"

"నవ్వకు."

"నవ్వడం కాదే, సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ పోస్టరు తెచ్చి క్యాంటీన్ ఎదురుగా పెట్టారు. మన యూనివర్సిటీ ఏమన్నా సముద్రమా? రెండు బిల్డింగులు, ఒక క్యాంటీను. చూడనివాడు ఎవడున్నాడు? బంగారంలాంటి కొడుకులున్న తల్లుల్ని గొడ్రాళ్ళని చేసి గోడకి అంటించామే!"

"అందుకే చెప్తున్నా. వీడియో వద్దు. తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి పోదాం."

"వెనక్కెలా వెళ్తాం? ఇప్పుడే కదా వెళ్ళాల్సింది, తప్పు దిద్దుకోవాలి. అది సరే గానీ, నీకెలా తెలుసు?"

"ఏది?"

"బిడ్డ సంగతి. మీది కూకట్‌పల్లి కదా."

"విన్నాను."

"ఎక్కడ?"

"ఎక్కడో... బస్సులో."

"బస్సులో వింటే ముద్దుకి ఒకలా, లెక్కకి ఒకలా అని కూడా తెలిసిపోతుందా? ఎప్పటినుంచి తెలుసు?"

"వదిలెయ్ సింధుజా."

"సార్ ప్రశ్నలు రాసిన రోజే తెలుసా? నా మొహం చూసి చెప్పు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా!"

"చెప్తే, నీకెలా తెలుసని అడుగుతారు. ఇప్పుడు నువ్వు అడిగినట్టే."

"అడిగితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు."

"శ్రేయా, అడిగితే ఏమవుతుంది?"

"అంజిలయ్య గుర్తున్నాడా?"

"ఏ అంజిలయ్య? మన క్లాసులో... ఆఁ, కెల్లి!"

"చూశావా. పేరు చెప్తే గుర్తు రాలేదు నీకు."

"అందరం అలాగే పిలిచేవాళ్ళం కదే. సరదాకి."

"మొదటిరోజు పాపం లేచి నిలబడి, బంట్వారం కెల్లి వచ్చిన సార్ అన్నాడు. బంట్వారం నుంచి వచ్చాను అని చెప్పాడు, అంతే. క్లాసంతా పగలబడి నవ్వింది. నువ్వు బల్ల కొట్టి మరీ నవ్వావు."

"గుర్తు చెయ్యకు."

"ఆ మర్నాటినుంచి ఎక్కడ కనిపించినా కెల్లి, కెల్లి. క్యాంటీన్లో కెల్లి. వైవాలో నోరు విప్పితే వెనక నుంచి కెల్లి. అతను మాట్లాడటమే మానేశాడు. తర్వాత రావడమే మానేశాడు."

"అతను మానేసింది మన వల్లేనంటావా? ఇంట్లో ఏం ఇబ్బందులున్నాయో..."

"నాకు తెలీదు. నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. కానీ మొదటిరోజు అతని తర్వాత లేవాల్సింది నేనే సింధుజా."

"అయితే?"

"నవ్వు ఇంకా ఆగలేదు. నా వంతు వచ్చింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, హైదరాబాద్ అన్నాను. కూకట్‌పల్లిలో మా చిన్నమ్మ ఉంటుంది. అదే చెప్పాను."

"మరి మీది?"

"మనం పోతున్న ఊరే. యాలాల్."

"అబద్ధం!"

"అబద్ధమే చెప్పాను, ఇన్నాళ్ళూ."

"అంటే... నువ్వు ఫోన్ రాగానే హాస్టల్ డాబా మీదికి పరిగెత్తేదానివి. ఎవరో అబ్బాయి అనుకుని ఎంత ఏడిపించాం నిన్ను!"

"అమ్మతోని. అమ్మతోని నీలెక్క మాట్లాడితే ఆమెకు నవ్వొస్తది. నాలెక్క మాట్లాడితే మీరు నవ్వుతరు. అందుకే మీదికి పోయేది."

"శ్రేయా, నీ మాట..."

"ఏమైంది నా మాటకు? గిదే నా మాట. ఎన్ని దినాలు దాచుకోవాలె? ఇంకో సంగతి చెప్తా విను. అంజిలయ్యను కెల్లి అని నేను సుత పిలిచిన. మీ అందరికన్న గట్టిగ పిలిచిన. మీకు డౌట్ రావొద్దని. గాయన ఒక్కపారి నా దిక్కు తిరిగి చూసిండు. ఆయనకు తెల్సు. మా దిక్కోళ్ళకు మా మాట ఎంత దాచినా తెలుస్తది. తెల్సి గూడ ఎవ్వరికీ చెప్పలే."

"ఏడవకే. అందరూ చూస్తున్నారు."

"చూడనియ్."

"నేను బల్ల కొట్టి నవ్వాను కదా... నాకిప్పుడు ఆ బల్లకేసి తల కొట్టుకోవాలనుంది. నిజంగానే చెప్తున్నా. ఇదిగో, నీళ్ళు తాగు."

"వద్దు."

"తాగు ముందు. చూడు, ఒక విధంగా మంచిదే అయింది. నీ ఊళ్ళోనే నువ్వు దగ్గరుండి అడిగితే అంతా సరిగ్గా చెప్తారు. సార్‌కి నేను చెప్తాను. తప్పు నాదే అంటాను, నీ పేరు ఎత్తను. పోస్టరు తీయించేద్దాం. వీడియో కూడా వద్దు. సరేనా?"

"ఊఁ."

"మరి ఆ ఇంద్రమ్మగారు నీకు తెలిసే ఉంటుంది."

"తెల్సు."

"ఆవిడకి కొడుకున్నాడా?"

"ఉన్నడు. సాత్విక్. తాండూర్ల ఇంటర్ చదువుతున్నడు."

"హమ్మయ్య! అయితే ఆవిడ చెప్పింది కరెక్టే. కొడుకున్నాడు, కూతురు లేదు. కానీ మరి ముందు అలా ఎందుకు..."

"ఉన్నది."

"ఎవరు?"

"బిడ్డ ఉన్నది."

"మరి లేదందేంటి? ఏమైంది, ఎక్కడుంది ఆ అమ్మాయి?"

"జీపుల కూసున్నది. మొఖానికి చున్నీ కట్టుకోని."

"శ్రేయా!"

"గామె మా అమ్మ. నువ్వు మా వాకిట్లకు పోతున్నవు, నేను అద్దంల కెల్లి చూస్తున్న. దిగి అమ్మా అంటే నా అబద్ధం ఆడికే ఒడిసిపోయేది. ఆమె ఉరికొచ్చేది. గిట్ల వచ్చినవేంది బిడ్డా, తిన్నవా అని జీపు కాడ్నే మొదలుపెట్టేది. నువ్వున్నవు, డ్రైవర్ ఉన్నడు, సార్ ముందల సీట్ల ఉన్నడు. నేను చున్నీ ఇంకింత గట్టిగ కట్టుకున్న. కన్నతల్లి ముంగట మొఖం దాచుకున్న సింధుజా. నాకంటె సిగ్గులేనిదాన్ని చూసినవా యాడనన్న?"

"నిన్ను... ఆవిడ చూసిందా?"

"చూడలే."

"ఎలా చెప్పగలవు?"

"చూస్తే ఊకుంటదా మా అమ్మ? ఆ దినం రాత్రి గూడ ఫోన్ చేసింది. తిన్నవా, హాస్టల్ల నీళ్ళొస్తున్నయా అన్నది. గంతే. ఎవరో పిల్లలొచ్చి అడిగిపోయిన్రని గూడ అనలే. నిన్న సుత చేసింది. ఒక్క మాట ఎత్తలే. చూస్తే అడగదా?"

"ఏమో శ్రేయా."

"ఏమో ఏంది? లేదన్నదంటే ఆమెకు నీ మాట సమజ్ కాలే. నువ్వు మస్తు స్పీడ్‌గ మాట్లాడుతవు. సార్ రాసిన ప్రశ్నల్ల సగం మాకే సమజ్ కావు. ఇంకేదో అడిగినవనుకోని లేదన్నది. గంతే కదా?"

"తాండూరు వస్తున్నట్టుంది. బ్యాగు తీసుకో."

"మాట తప్పియ్యకు. ఇందాక ఏదో చెప్పబోయినవు, ముందు ఒక మాటన్నదని. ఏమన్నది?"

"అదేం లేదులే."

"సింధుజా, సమజ్ కాకనే లేదన్నది కదా? నన్ను చూడలే కదా? చెప్పు."

"బాగా అర్థమైందే ఆవిడకి. ముందు ఉందనే చెప్పింది. 'ఒక్కతే బిడ్డ, వికారాబాద్‌ల పెద్ద సదువు సదువుతున్నది' అని నాతో రాయించింది కూడా. నేను గేటు దాటుతుంటే జీపు వైపు చూస్తూ నిలబడిపోయి, మళ్ళీ నన్ను వెనక్కి పిలిచి, 'కొట్టెయ్ బిడ్డా, నాకు బిడ్డ లేదని రాస్కో' అంది."