పండగ గేటు

ఏటి ఎస్సై బావూ, రోడ్డుకడ్డంగా దుంగ ఎవులేసినారని నన్నడుగుతావేటి? మొగోళ్లు అడివికి ఏటకెల్లే ఇటుకల పండక్కి మా ఆడోళ్లం ఏటేటా ఏస్తాం కాదా? గేటు కట్టి, పాట పాడి, బళ్లోళ్లు సేతిలో ఏదో పెడితే తీస్తాం. కిందటేడు నీ జీపూ ఆగినాది. నవ్వుకుంటానే ఇచ్చినావు!

మరి మొన్న రాడార్ కోలనీ బస్సు ఆగితే నేరమైపోనాదా?

నాకొకటి సెప్పు. కోలనీలో సాహితమ్మ ఇంట్లో అంట్లు తోమేది నానే. "పెళ్లికెళ్తున్నాం సత్యకుమారీ, మళ్లీ కబురు పెడతాలే" అన్నాది. సరే అన్నాను. పక్కింటోళ్లకీ పెళ్లేనట. ఎదురింటోళ్లకీ పెళ్లేనట! కోలనీ అంతటికీ ఒకేపాలి పెళ్లేటి? పెళ్లికెళ్లేవోళ్లు తులసి కుండీ మోసుకుపోతారా?

మొగోళ్లు రాడార్ డూటీకని ఉండిపోనారు. పెళ్లాం పిల్లల్ని మాత్రం బేగి కొండ దించేసినారు. టీవీలో సూత్తే యుద్ధం యుద్ధం అని ఒకటే గోల. మా ఊరొచ్చి ఒక్కడైనా ఇదీ సంగతి అన్నాడా? బాంబు కోలనీ గోడ సూసుకుని పడుద్దా? గోడకివతల ఉన్నోళ్లం మనుసులం కామా?

అరిసినాం, నిజవే. రాయా? రాయి ఎవులూ ఇసరలేదు, సంకుదేముడి మీద ఒట్టు.

నాను బస్సెక్కి సూసినాను. ఎనక సీట్లో కుక్క కూకుంది. కుక్కకి సీటుంది బావూ!

అలా సూడకు. సెప్పేత్తాను, రాసుకో. పండగ అప్పటికే అయిపోనాది. దుంగ తెచ్చి ఏసింది నానే. నా కూతురు చిట్టికి నెలలు నిండినాయి. ఆ గుంటని కూడా ఘాట్ కిందకి దించీండమ్మా అని అడుగుదావనుకున్నాను. ఊరికే సెయ్యెత్తితే మాకు బస్సాగుద్దా? పండగంటే ఆగుద్ది.

సాహితమ్మ ముకం తిప్పీసుకుంది. నా సంకలో పెరిగిన ఆవిడ కొడుకు నన్ను సూసి సేతులు సాపితే, ఆడి సేతులు లాగి ఒళ్లో పెట్టుకుంది. నాను దిగిపోనాను. దుంగ కూడా నానే తీసినాను.

కేసు పెడతావా, పెట్టుకో. చిట్టి ఇక్కడే ఉంది, నానెక్కడికి పోతాను?

ఒక్కటి మాత్రం సెప్పు. కొండసీపుర్లు అమ్ముదావని నిన్న మీ కోటర్స్ కాడికెల్లినాను. తాళం ఏసుంది. అమ్మగారూ పిల్లలూ ఏరీ బావూ?

ఆళ్లూ పెళ్లికేనా?